ఇల్లు కట్టుకొనుటకు ముందు గూబను తలంపుడు

ఇల్లు కట్టి చూడుము, పెండ్లి చేసి చూడుము అని మన పెద్దలు చెప్పుదురు. స్థలము కొనుట మొదలు గృహప్రవేశము వఱకును ఇల్లాలికి నిద్ర యుండదు. వాస్తువు చూతుము, శంకుస్థాపనకు ముహూర్తము పెట్టింతుము, భూమిపూజ చేసి భూమాత యనుజ్ఞ కోరుదుము. అయితే ఆ నేలయందు మనకంటె ముందుగా కాపురమున్న ప్రాణులు కలవా యని విచారించు వాడుక మాత్రము మనలో లేదు. ఈ లోపమును గుఱించి నాలుగు మాటలు చెప్పనెంచితిమి.

సంగారెడ్డి జిల్లాలోని కిష్టారెడ్డిపేటను చూడుడు. ఒకప్పుడు చేలును, బీళ్లును, రాతిగుట్టలును ఉండిన యీ ప్రాంతము, పటాన్‌చెరువు కర్మాగారములును, అవుటరు రింగురోడ్డును వచ్చిన పిదప ఇండ్ల స్థలములుగా మాఱినది. చేరువనే అమీన్‌పూర్ పెద్దచెరువు కలదు. దానిని 2016వ సంవత్సరమున జీవవైవిధ్య వారసత్వ స్థలముగా ప్రకటించిరి. నీటిపక్షులకు ఆ మాత్రపు కాపుదల దొరికినది. మఱి మెట్టనేల పక్షుల గతి యేమి?

బీడనగా ఎవరికిని పనికిరాని ఉత్తనేల యని మన తలంపు. తీతువు ఆ గులకనేల మీదనే నాలుగు గ్రుడ్లు పెట్టును. తేనెటీగలను తిను పచ్చని చిన్నపిట్ట మట్టిగట్టులలో సొరంగము త్రవ్వి పిల్లలను పెంచును. పైడికంటె యనబడు చిన్నగూబ చెట్టు తొఱ్ఱలలోను, పాడుగోడల కన్నములలోను కాపురముండును. పెద్దగూబ గుట్టల రాతిచఱియలలో వట్టినేలపైననే గ్రుడ్లు పెట్టి, ముప్పదిమూడు దినముల వఱకు పొదుగును. దాని పిల్లలు పిమ్మట ఆఱు నెలలు తల్లిదండ్రుల నాశ్రయించి యుండును. ఈ పక్షులలో పెక్కింటికి చలికాలపు చివరయు, వేసవియు పిల్లలను కను కాలము. వానలకు ముందే పునాదులు వేయవలెనని మనము యంత్రములను దింపునదియు నప్పుడే. ఒక్క పూటలో ఆ సంసారములన్నియు మట్టిక్రింద పడును.

ఈ చిక్కు మనకు మాత్రమే వచ్చినది కాదు. అమెరికాలో మన పైడికంటెకు దాయాది యైన బొఱియగూబ యొకటి కలదు. అది నేలలోని బొఱియలయందు నివసించును. బొఱియ వాకిట పశువుల పేడ చల్లి, దానికై వచ్చు పురుగులను పట్టి తినును. ఫ్లోరిడా రాష్ట్రమున కేప్‌కోరల్ అను పట్టణము ఈ గూబలకు ప్రసిద్ధి. అచ్చట ఖాళీస్థలములలో బొఱియ చుట్టును గుంజలు పాతి, గూబ వ్రాలుటకు కొయ్యయు నిలిపి, అది నివాసమని యెల్లరకు తెలియునట్లు చేయుదురు. అనుమతి లేక బొఱియను పూడ్చరాదు. కాలిఫోర్నియాలో, తప్పనిసరియైనప్పుడు, పిల్లలు లేని కాలమున, లోపలినుండి బయటికి మాత్రమే తెఱచుకొను తలుపును బొఱియకు బిగింతురు. గూబ వెలికివచ్చి వేఱొక చోటు చూచుకొన్న తరువాతనే నేలను త్రవ్వుదురు. ఇల్లు కట్టుట మానలేదు. కాని కట్టుటలో నొక మర్యాద నేర్చికొనిరి.

మన దేశమునను శాసనము లేకపోలేదు. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము, అడవిపక్షుల గ్రుడ్లను పాడుచేయుటయు, గూళ్లను చెదరగొట్టుటయు వేటతో సమానము. 2025 ఏప్రిలు 3వ తేదీన హైదరాబాదు కంచ గచ్చిబౌలిలో చెట్లు నఱకుటను సుప్రీముకోర్టు ఆపించుట మనమందఱము వినియే యున్నాము.

శాసనముకంటె బలమైనది మన భయము. గూబ కూసిన చావు వచ్చునని, ఇంట దూఱిన ఇల్లు పాడువడునని చిన్ననాటినుండి వినుచున్నాము. అందుచేత పనివారు తొఱ్ఱలో గూబను చూచిన, రాళ్లు రువ్వుదురు. వంగదేశమున నదే గూబను లక్ష్మీదేవికి వాహనముగా పూజింతురు. ఆ లక్ష్మిని కొలుచు దీపావళినాడే క్షుద్రపూజలకై గూబలను బలియిచ్చు మూర్ఖులును కలరు. మన దేశపు ముప్పది జాతుల గూబలలో పదునైదు జాతులు దొంగబేరమున పడుచున్నవని ట్రాఫిక్ అను సంస్థ 2010లో తెలిపినది. ఎలుకలను తిని మన గాదెలను కాచు పక్షి అశుభమెట్లగును? ఒకే పక్షి యొకచోట లక్ష్మియు, వేఱొకచోట మృత్యువును నైనచో, దోషము పక్షిది కాదు.

ఇక మన చేతనైన పనులను చెప్పెదము. యంత్రమును పిలుచుటకు ముందు మూడునాళ్లు సంధ్యవేళను, తెల్లవాఱుజామునను స్థలమున తిరిగి చూడుడు. రాతిపైగాని చెట్టుపైగాని తెల్లని రెట్టల చాఱలు, ఎలుకల వెండ్రుకలును ఎముకలును కూడిన చిన్న యుండలు కనబడినయెడల దగ్గఱనే గూబ కలదని తెలియుడు. గూడున్నచో చుట్టును త్రాడు కట్టి, పిల్లలు ఎగిరిపోవు వఱకు ఆ మూల పని ఆపుడు. ముందుగా వేఱొక ప్రక్కను గోడ లేపవచ్చును. అడవిశాఖ వారికి తెలియజేయుడు. తొఱ్ఱచెట్టు హద్దున నున్నచో కొట్టక నిలుపుడు. ఎలుకలకు విషము పెట్టకుడు. ఆ యెలుకను తిన్న గూబయు చచ్చును. నేలనున్న పిల్లను ఎత్తుకొని పోకుడు. దాని తల్లి చేరువనే యుండవచ్చును.

మేస్త్రీతో మాటలాడునది మగవారేయైనను, ఇంటి ముచ్చట తీర్చునది యిల్లాలు. ముహూర్తమును రెండు నెలలు వెనుకకు జరుపుమని ఆమె యడిగిన కాదనువారు తక్కువ. పసిపిల్లలున్న తల్లి వర్షకాలమున ఇల్లు విడిచిపొమ్మనిన నెట్లు తల్లడిల్లునో మన మెఱుగుదుము. ఆ యెఱుకనే కొంత గూబతల్లిపైనను చూపుడని మా ప్రార్థన.