ఎలుకల బాధ: గాదెను, ఇంటిని, బండిని కాపాడుకొను విధము

ఆరుగాలము శ్రమపడి పండించిన పంట కళ్లము దాటి యింటికి చేరినంతనే రైతు కష్టము గట్టెక్కినదని తలచుట సహజము. కాని యా రాత్రి మొదలుకొని పిలువని పాలివాడొకడు గాదెలో ప్రవేశించును. పాలేరునకు గింజలు కొలిచి యిత్తుము; సంఘము అప్పు లెక్క చూచి చెల్లింతుము; ఎలుక తీసికొనుదానికి మాత్రము కొలతయు లేదు, లెక్కయు లేదు. కావున నీ విషయమై సభ్యులకు కొన్ని సంగతులు విన్నవింపదలచితిమి.

ఎదిగిన యెలుక దినమునకు సుమారు 25 గ్రాముల గింజను తినును. ఈ లెక్కన ఏడాదికి తొమ్మిది కిలోలు దాటును. ఊరిలో నూరెలుకలున్నచో తొమ్మిది క్వింటాళ్ల ధాన్యము వాని పాలగును. ఇదిగాక మలమూత్రములచే చెడిపోవునదియు, గోనెలు చిరిగి నేలపాలగునదియు వేరు. ఎలుక ముందుపండ్లు బ్రదికినంతకాలము పెరుగుచునే యుండును. వానిని అరగదీసికొనుటకై యాకలి లేనప్పుడును అది యేదో యొకటి కొరుకుచుండును. చెక్కతలుపు, విద్యుత్తు తీగ, రబ్బరు గొట్టము దానికి సమానమే.

గత వర్షకాలమున మా సభ్యులలో నొకరు దమ్ము చేయుటకై ట్రాక్టరు తీయబోగా నది కదలలేదు. మూత యెత్తి చూడగా లోపల గడ్డిగూడును, కొరికిన తీగలును కానవచ్చినవి. బండిని గడ్డివామి ప్రక్కనే నెలదినములు కదల్పక నిలిపియుంచిరట. మరమ్మతు పూర్తియగువరకు నాలుగు దినములు గడచెను. మడిలో నారు ముదురుచుండెను. మరమ్మతు ఖర్చుకంటె నా నాలుగు దినములే వారికెక్కువ నష్టము కలిగించినవి.

ట్రాక్టరునకైనను కారునకైనను జాగ్రత్త యొక్కటే. గడ్డివామికి, ధాన్యపు కొట్టునకు దూరముగా నిలుపవలెను. లోపల తినుబండారములు, దాణా సంచులు ఉంచరాదు. వాడని దినములలో సైతము వారమున కొకటి రెండుమార్లు మూత తెరచి చూడవలెను. గూడు కనిపించినచో తీసివైచి, తీగలు పరీక్షించిన పిమ్మటనే యింజను నడుపవలెను. తొడుగు పోయిన తీగలు ఒండొంటికి తగిలినచో నిప్పంటుకొనవచ్చును. పొగాకు, ఘాటైన మందుల వాసన కొలది దినములే నిలుచును గనుక దానినే నమ్మియుండరాదు.

ఇంటి విషయమున మొదటి పని దారులు మూయుట. చిటికెనవ్రేలు దూరు సందు చాలును, చుంచెలుక లోనికి వచ్చును. గోడ కన్నములలో గాజుపెంకులు కలిపిన సిమెంటు కూరవలెను. తలుపుల యడుగున రేకు కొట్టింపవలెను. కిటికీలకు సన్నని యినుపవల బిగింపవలెను. ధాన్యపు బస్తాలను నేలపై నుంచక చెక్కబల్లలపై, గోడకు అడుగున్నర యెడముగా పేర్చవలెను. విత్తనములకు మూత బిగువుగల యినుపగాదె మేలు. బోను పెట్టువారు దానిని గోడవారగా నుంచి, వేయించిన కొబ్బరిముక్కనో యెండుచేపనో ఎరగా పెట్టవలెను. ఎలుక క్రొత్తవస్తువును చూచి జంకును గావున మొదటి రెండు రాత్రులు బోనును బిగింపక తెరచియే యుంచవలెను.

పొలమున పందికొక్కు గట్లలో బొరియలు త్రవ్వి, కంకులు కొరికి లోపల నిలువచేసికొనును. సాయంకాలము బొరియలన్నిటిని మట్టితో మూయుడు. మరునాటి యుదయమున తెరచియున్నవానిలోనే యెలుకలున్నవని యెరుగుడు. వానిలోనే మందు పెట్టవలెను. 960 గ్రాముల నూకలకు 20 గ్రాముల నూనె పట్టించి, 0.25 శాతపు బ్రోమాడయోలోన్ పొడి 20 గ్రాములు కలిపినచో కిలో యెర సిద్ధమగును. దీనిని 15 గ్రాముల చొప్పున కాగితపు పొట్లములు కట్టి బొరియలలో లోతుగా నుంచవలెను. వరి పొట్టకు రాకమునుపే యీ పని ముగించుట మంచిది.

ఎలుకలున్నవని యింటికి నిప్పు పెట్టుకొన్నట్లు కారాదు. విషము కలుపునపుడు చేతితొడుగులు ధరింపవలెను, వంటపాత్రలు వాడరాదు. పిల్లలకు, పశువులకు అందనీయరాదు. జింకు ఫాస్ఫైడునకు విరుగుడు లేదు. బ్రోమాడయోలోనుకు విటమిను కె1 విరుగుడేగాని దానిని వైద్యుడే యియ్యవలెను. ఎవరైన పొరపాటున మ్రింగినచో, బాగుగానే యున్నారని తలపక, మందుపొట్లముతో సహా వెంటనే యాసుపత్రికి కొనిపోవలెను. చచ్చిన యెలుకలను చేతితో తాకక లోతుగా పూడ్చవలెను. ఎలుక మూత్రముచే జ్వరములు సంక్రమించును గావున పెంటికలను పొడిగా ఊడ్వక, బ్లీచింగు నీటితో తడిపి తుడువవలెను.

గుడ్లగూబ అపశకునమని తరుముటయు, జెర్రిపోతును చూచినంతనే చంపుటయు మన మేలునకు మనమే యడ్డు తగులుటయగును. ఈ రెండును ఎలుకలను తిని బ్రదుకునవే. జెర్రిపోతునకు విషము లేదు. పొలమున అడ్డుకర్ర కట్టిన గుంజలను నాటినచో రాత్రులందు గుడ్లగూబలు వానిపై వ్రాలి యెలుకలను పట్టుకొనును.

తుదకొక మాట. ఒక రైతు తన పొలమున మందు పెట్టి, పొరుగువారూరకున్నచో, ఆ యెలుకలు కొలది దినములలోనే గట్టు దాటి మరల వచ్చును. ఎలుకకు సర్వే రాళ్లు తెలియవు. ఆయకట్టు రైతులెల్లరు ఒకే దినమున బొరియలు మూసి, ఒకే దినమున ఎర పెట్టినగాని ఫలము దక్కదు. విడివిడిగా సాధ్యము కానిదానిని కలసి సాధించుటకే గదా మనము సంఘముగా నేర్పడితిమి! రాబోవు సర్వసభ్యసమావేశమున గ్రామమునకొక దినము నిర్ణయించుకొని, యెర ఖర్చును ఎకరముల చొప్పున పంచుకొనవలసినదిగా సభ్యులను కోరుచున్నాము.