పసివారి బడి దుస్తులు: టై, బూట్లా? టీషర్టు, కాన్వాసు జోళ్లా?

భిలాయ్: మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసు పిల్లలకు బడిలో ఎటువంటి దుస్తులు ఉండాలి? ఇస్త్రీ చొక్కా, టై, బెల్టు, నల్ల బూట్లతో కూడిన లాంఛనమైన యూనిఫాం కావాలా? లేక టీషర్టు, వదులైన లాగు, కాన్వాసు జోళ్లు సరిపోతాయా? చూపునకు చిన్నదిగా కనిపించే ఈ ప్రశ్న పిల్లల ఆరోగ్యంతోను, ఆటపాటలతోను, మధ్యతరగతి కుటుంబాల ఆదాయ వ్యయాలతోను ముడివడి ఉంది. ఛత్తీస్‌గఢ్‌లోని ఉక్కు నగరం భిలాయ్‌లో, స్మృతి నగర్ వంటి ఉద్యోగుల కాలనీలలో ఈ ప్రశ్నకు ప్రత్యేక ప్రాధాన్యం ఉంది.

అప్పటి సోవియట్ యూనియన్‌తో 1955లో కుదిరిన ఒప్పందం మేరకు భిలాయ్ ఉక్కు కర్మాగారం రూపుదిద్దుకొంది. 1959 ఫిబ్రవరి 4న తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను నాటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. నిర్మాణ దశ నుంచే దేశం నలుమూలల నుంచి జనం ఇక్కడికి తరలివచ్చారు. వారిలో ఉత్తరాంధ్ర జిల్లాల తెలుగువారు గణనీయంగా ఉన్నారు. కర్మాగారం నిర్మించిన సెక్టార్లలో కంపెనీ నడిపే బడులు ఉండగా, ఉద్యోగులు, విశ్రాంత ఉద్యోగులు సొంత ఇళ్లు కట్టుకున్న స్మృతి నగర్ వంటి చోట్ల ప్రైవేటు ఇంగ్లీషు మీడియం పాఠశాలల ప్రాబల్యం ఎక్కువ. టై, బెల్టు, బూట్ల సంస్కృతి ఈ పాఠశాలలతోనే వేళ్లూనుకొంది.

టై వెనుక ఆశలు

లాంఛనమైన దుస్తులను కోరే తల్లిదండ్రుల వాదనను తేలికగా కొట్టివేయడానికి వీలులేదు. ఉదయాన్నే తల దువ్వుకొని, చొక్కా లోపలికి దోపుకొని, బూట్లు తుడుచుకొని బయలుదేరే అలవాటు పిల్లలకు సమయపాలనను, శుభ్రతను నేర్పుతుందన్నది వారి మొదటి వాదన. ధనిక, పేద తేడాలు కనిపించకుండా అందరూ ఒకే తీరుగా ఉంటారన్నది రెండవది. జనసమ్మర్దంలో పిల్లవాడు ఏ బడివాడో వెంటనే గుర్తించవచ్చునన్నది మూడవది.

వీటన్నిటికీ మించి పైకి చెప్పని కారణం మరొకటి ఉంది. తాత మట్టి తట్టలు మోయడానికి వచ్చి, తండ్రి కర్మాగారంలో ఉద్యోగం సంపాదించిన ఇంటిలో, మూడవ తరం బిడ్డ మెడలోని టై కేవలం గుడ్డ పేలిక కాదు. కుటుంబం ఒక మెట్టు పైకి ఎక్కిందనడానికి అది ఆనవాలు. నెలనెలా వేల రూపాయలు ఫీజు కట్టే బడికి, ఉచితంగా చదువు చెప్పే బడికి తేడా కంటికి కనిపించాలని కోరుకునే తల్లిదండ్రులు కూడా లేకపోలేదు. ప్రైవేటు యాజమాన్యాలు ఈ ఆశను బాగా ఎరుగును. ప్రవేశాల కాలంలో వెలువడే ప్రకటనలలో టై కట్టుకున్న పసివాడి బొమ్మ లేకుండా ఉండడం అరుదు.

అయితే ఏకరూప దుస్తుల చరిత్ర ఇందుకు భిన్నమైన కథ చెబుతుంది. ఇంగ్లండులో 1552లో పేద పిల్లల కోసం వెలసిన క్రైస్ట్స్ హాస్పిటల్ పాఠశాల నీలి కోటు, ఆ దేశంలో బడి యూనిఫాంలకు తొలి ఉదాహరణలలో ఒకటి. దాతలు పేదలకు ఇచ్చిన దుస్తులు క్రమంగా సంపన్నుల బడులకు చేరి, అక్కడి నుంచి వలస పాలనలో మన దేశానికి వచ్చాయి. చలిదేశపు వాతావరణానికి తగినట్లు రూపొందిన మెడకట్టు, ఎండలు మండే ప్రాంతపు పసివాడి మెడకు చేరింది.

ఎండ చెప్పే తీర్పు

దుర్గ్, భిలాయ్ ప్రాంతంలో మే నెల ఉష్ణోగ్రత 44 డిగ్రీలు దాటడం అసాధారణం కాదు. ఎండల తీవ్రత కారణంగా ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2024, 2025 సంవత్సరాలలో వేసవి సెలవులను మే వరకు ఆగకుండా ఏప్రిల్ చివరి వారాలలోనే ప్రకటించింది. ఏప్రిల్‌లో కొత్త తరగతులు ప్రారంభించే పాఠశాలల్లో పిల్లలు కొత్త యూనిఫాం తొడుక్కునేది సరిగ్గా ఎండలు ముదిరే రోజుల్లోనే.

ఇక గుడ్డ విషయం. యూనిఫాంలలో అధిక భాగం పాలియెస్టర్ కలిసిన మిశ్రమ వస్త్రంతో తయారవుతున్నాయి. అది ముడతలు పడదు, రంగు వెలిసిపోదు, తొందరగా చిరగదు. తల్లికి ఉతుకు సులువు. కానీ నూలు సాధారణ వాతావరణంలో తన బరువులో దాదాపు 8 శాతం తేమను ఇముడ్చుకోగలిగితే, పాలియెస్టర్ అర శాతమైనా ఇముడ్చుకోలేదు. చెమట ఒంటి మీదే నిలిచి, మెడ చుట్టూ, నడుము చుట్టూ చెమటకాయలకు దారితీస్తుంది. టై, బెల్టు బిగించేది కూడా సరిగ్గా ఆ రెండు చోట్లనే.

ఈ విషయంలో కేంద్ర ప్రభుత్వమే స్పష్టమైన సూచనలు చేసిన సంగతి చాలామంది తల్లిదండ్రుల దృష్టికి రాలేదు. వడగాడ్పుల నేపథ్యంలో 2022 మే 11న కేంద్ర విద్యా మంత్రిత్వ శాఖ పాఠశాలలకు మార్గదర్శకాలు జారీ చేసింది. వదులుగా, లేత రంగులో ఉండే నూలు దుస్తులను అనుమతించాలని, మెడ టైల వంటి నిబంధనలను సడలించవచ్చునని, తోలు బూట్లకు బదులు కాన్వాసు జోళ్లను అనుమతించవచ్చునని వాటిలో పేర్కొంది. పూర్తి చేతుల చొక్కాలు మేలని కూడా సూచించింది. తేలిక దుస్తులంటే ఒళ్లు కప్పని దుస్తులు కావని దీనినిబట్టి గ్రహించవచ్చు. కాగా ఇవి సూచనలే తప్ప ఆదేశాలు కానందున అమలు యాజమాన్యాల ఇష్టాయిష్టాలకే మిగిలిపోయింది.

పసితనానికి మరికొన్ని ఇబ్బందులు ఉన్నాయి. నాలుగేళ్ల బిడ్డ బెల్టు విప్పి, కొక్కెం తీసి, లాగు దింపుకోవడానికి పెద్దవారి సాయం కావాలి. ఆయా అందుబాటులో లేకపోతే బట్టలు తడుస్తాయి. తరగతిలో తోటి పిల్లల ముందు ఆ బిడ్డ పడే సిగ్గు సాయంత్రం వరకు వెంటాడుతుంది. కొందరు పిల్లలు ఈ భయంతో నీరు తాగడమే మానుకుంటారు. నడుముకు సాగే పట్టీ ఉన్న లాగుతో ఈ చిక్కు చాలావరకు తీరుతుంది. బూట్ల లేసులు కట్టుకోవడం కూడా ఆరేళ్ల లోపు వారిలో చాలామందికి చేతకాని పనే.

పరిశోధనలు ఏమంటున్నాయి?

లాంఛనమైన దుస్తులు క్రమశిక్షణను పెంచుతాయన్న నమ్మకానికి పరిశోధనల మద్దతు అంతంత మాత్రమే. అమెరికాలోని ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు కిండర్‌గార్టెన్ నుంచి ఐదవ తరగతి వరకు 6,000 మందికి పైగా పిల్లల వివరాలను పరిశీలించి, 2021లో ఫలితాలను ప్రకటించారు. యూనిఫాం ఉన్న బడులలోని పిల్లల ప్రవర్తనలో గాని, మొత్తం మీద హాజరులో గాని చెప్పుకోదగిన తేడా వారికి కనిపించలేదు. యూనిఫాం ఉన్న బడులలోని పేద కుటుంబాల పిల్లల హాజరు మాత్రం స్వల్పంగా మెరుగ్గా కనిపించింది.

బ్రిటన్‌లోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం ఆధ్వర్యాన 2024 ఫిబ్రవరిలో వెలువడిన అధ్యయనం మరింత ఆలోచింపజేసేది. 135 దేశాలలో 5 నుంచి 17 ఏళ్ల వయసు గల పది లక్షల మందికి పైగా పిల్లల శారీరక శ్రమ వివరాలను అందులో పరిశీలించారు. రోజుకు సగటున 60 నిమిషాలు ఆటపాటలలో గడపాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫార్సు. యూనిఫాం తప్పనిసరిగా ఉన్న దేశాలలో ఈ మేరకు చురుకుగా ఉండే పిల్లల నిష్పత్తి తక్కువగా కనిపించింది. ప్రాథమిక పాఠశాల వయసులో బాలబాలికల మధ్య అంతరం సాధారణంగా 5.5 శాతం పాయింట్లు ఉండగా, యూనిఫాం విస్తృతంగా ఉన్న దేశాలలో అది 9.8కి పెరిగింది. దుస్తులే ఇందుకు కారణమని ఈ అధ్యయనం నిరూపించలేదు. అయినా స్కర్టు తొడుక్కున్న ఆడపిల్ల ఊయల ఎక్కడానికి, కమ్మీకి వేలాడడానికి వెనుకాడుతుందన్నది తల్లులకు కొత్తగా చెప్పవలసిన విషయం కాదు.

2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల దశను పునాది దశగా గుర్తించి, ఆటల ద్వారానే బోధన సాగాలని నిర్దేశించింది. బోధనా విధానం ఆటగా మారుతున్నప్పుడు దుస్తులు మాత్రం ఆఫీసు ఉద్యోగివిగా ఉండడంలో ఔచిత్యమేమిటన్న ప్రశ్న సహజంగానే తలెత్తుతుంది.

జేబుకు చిల్లు

లాంఛనమైన యూనిఫాం గల బడులలో వ్యాయామ దినాల కోసం టీషర్టు, ట్రాక్ ప్యాంటు, తెల్ల జోళ్లు కూడా కొనవలసి రావడం పరిపాటి. అంటే తల్లిదండ్రులు ఒక్కరికి రెండు రకాల దుస్తులు, రెండు జతల బూట్లు కొంటున్నారన్నమాట. దీనికి తోడు చలికాలంలో స్వెట్టరో, బ్లేజరో ఉండనే ఉంటుంది. ఈ వయసు పిల్లలు ఏడాదికి ఐదారు సెంటీమీటర్లు పెరుగుతారు. జూన్‌లో సరిపోయిన లాగు మరుసటి ఏడాదికి పొట్టి కావడం ఖాయం. అన్న దుస్తులు తమ్ముడికి తొడుగుదామంటే, మధ్యలో బడివారు గళ్ల రంగో, టై చారలో మారిస్తే ఆ పొదుపూ దక్కదు.

నిర్ణీత దుకాణంలోనే కొనాలన్న ఒత్తిడి మరో సమస్య. బడి ఆవరణలో గాని, ఎంపిక చేసిన దుకాణాల ద్వారా గాని పుస్తకాలు, యూనిఫాంలు, బూట్లు అమ్మే వ్యాపారం మానుకోవాలని కేంద్రీయ మాధ్యమిక విద్యా మండలి 2017 ఏప్రిల్‌లో తన అనుబంధ పాఠశాలలను ఆదేశించింది. ఇంగ్లండులో ఇదే సమస్యపై 2021లో ఏకంగా చట్టమే వచ్చింది. బడి చిహ్నం ఉన్న వస్తువులను వీలైనంత తగ్గించాలని, వాడిన యూనిఫాంలు దొరికే చోటును తల్లిదండ్రులకు తెలియజేయాలని దాని కింద జారీ అయిన మార్గదర్శకాలు నిర్దేశిస్తున్నాయి. బజారులో ఎక్కడైనా దొరికే సాదా టీషర్టు, లాగులైతే పోటీ వల్ల ధర తగ్గుతుందన్నది తేలిక దుస్తుల పక్షం వారి వాదన. 2025 సెప్టెంబరు 22 నుంచి 2,500 రూపాయల వరకు ధర గల దుస్తులు, పాదరక్షలపై వస్తు సేవల పన్ను 5 శాతంగా అమలులోకి రావడం కొంత ఊరట. అంతకుముందు వెయ్యి రూపాయల లోపు పాదరక్షలపై సైతం 12 శాతం పన్ను ఉండేది.

ప్రభుత్వ బడులలో పరిస్థితి వేరు. సమగ్ర శిక్ష పథకం కింద రెండు జతలకు విద్యార్థి ఒక్కరికి 600 రూపాయల వంతున కేంద్రం నిర్ణయించింది. ఛత్తీస్‌గఢ్‌లో చేనేత సహకార సమాఖ్య ద్వారా ప్రభుత్వ బడులకు దుస్తులు అందుతున్నాయి. తెలంగాణలో సిరిసిల్ల మరమగ్గాలకు బడి దుస్తుల ఆర్డర్లు ఆసరాగా నిలిచాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో ప్రారంభమైన విద్యా కానుకలో మూడు జతల దుస్తులకు తోడు బూట్లు, బెల్టు కూడా చేర్చారు. ప్రైవేటు బడి పిల్లలకు దీటుగా ప్రభుత్వ బడి పిల్లలూ కనిపించాలన్న ఆకాంక్ష ఇందులో వ్యక్తమవుతోంది. పేద బిడ్డ కాలికి బూటు అందడం హర్షణీయమే. అయితే ఒకరిని చూసి ఒకరు అనుసరించే ఈ క్రమంలో పసివాడి సౌకర్యం వెనుకబడకూడదు.

మధ్యేమార్గం

వివాదానికి పరిష్కారం దూరంగా లేదు. కేరళలోని ఎర్నాకుళం జిల్లా వలయంచిరంగర ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల 2018లో బాలబాలికలందరికీ మోకాళ్ల కిందికి వచ్చే లాగు, చొక్కాను యూనిఫాంగా ప్రవేశపెట్టింది. పిల్లలంతా ఒకే తీరుగా ఉన్నారు. ఆడపిల్లలకు పరుగెత్తే స్వేచ్ఛా దక్కింది. ఏకరూపత వేరు, లాంఛనం వేరు అన్న సత్యాన్ని ఆ చిన్న బడి ఆచరణలో చూపింది. క్రమశిక్షణ కోరే తల్లిదండ్రులు అడిగే శుభ్రత, సమానత్వం, గుర్తింపు అనే మూడింటికీ టై అవసరం లేదు. ఒకే రంగు నూలు టీషర్టుతో ఆ మూడూ సాధ్యమే.

వారానికి ఒకటి రెండు రోజులు వ్యాయామ దుస్తులను అనుమతించే బడులు ఆ పట్టికను తిరగవేసినా చాలు. మూడవ తరగతి వరకు రోజూ తేలిక దుస్తులు, వార్షికోత్సవం వంటి సందర్భాలలో మాత్రమే లాంఛనమైనవి అన్న ఏర్పాటుకు అదనపు ఖర్చేమీ ఉండదు. పైపెచ్చు ఒక జత బూట్లు మిగులుతాయి. కేంద్రీయ మండలి అనుబంధ పాఠశాలల నిర్వహణ సంఘాలలో తల్లిదండ్రుల ప్రతినిధులకు స్థానం ఉంది. 2022 నాటి మార్గదర్శకాలను ఆ సమావేశాలలో ముందుంచి చర్చించవచ్చు.

ఉక్కు కర్మాగారంలో కొలిమి దగ్గర పనిచేసే కార్మికుడు శిరస్త్రాణం, రక్షణ బూట్లు ధరిస్తాడు. అతని పని కోరేది అదే. పని తీరును బట్టి దుస్తులను నిర్ణయించే ఈ సూత్రం భిలాయ్ వాసులకు ఎవరూ బోధించనవసరం లేదు. పసిపిల్లల పని ఆట. వారి దుస్తులు ఆ పనికి తగినట్లు ఉన్నాయా లేదా అన్నదే యాజమాన్యాలు, తల్లిదండ్రులు కలిసి వేసుకోవలసిన ప్రశ్న.