చిన్న రంధ్రాల నుండి లివరు ఆపరేషన్

గత నెలలో మా సర్జరీ ఓ.పి.కి ఒక తాపీమేస్త్రి, ఆయన భార్య వచ్చారు. ఆయనకు మూడేళ్ల క్రితం పెద్దపేగు క్యాన్సర్‌కు మా దగ్గరే ఆపరేషన్ జరిగింది. ఈ ఏడాది స్కానింగులో లివరులో ఒక గడ్డ కనిపించింది. లివరు కోసే ఆపరేషన్లు మా ఆసుపత్రిలో చేయము కనుక నగరంలోని పెద్ద ఆసుపత్రికి పంపాము. అక్కడ కీహోల్ పద్ధతిలో, అంటే పొట్టమీద చిన్న రంధ్రాలు పెట్టి కెమెరా సాయంతో చేస్తామని చెప్పారట. తిరిగి వచ్చాక ఆయన చొక్కా ఎత్తి చూపిస్తే, కుడి పక్కటెముకల క్రింద జానెడు పైగా కుట్ల మచ్చ ఉన్నది. "నాలుగైదు చిల్లులే అన్నారు డాక్టరమ్మగారూ. లోపల ఏదో పొరపాటు చేసి, మాకు చెప్పకుండా కోసేశారేమోనండి" అని ఆమె కళ్లనీళ్లు పెట్టుకున్నారు.

డిశ్చార్జి కాగితం తీసి చదివాము. లివరు కోసేటప్పుడు ఒక సిర కొమ్మ నుండి రక్తస్రావం కావడంతో పొట్ట తెరిచి ఆపరేషన్ పూర్తి చేశాము, అని అందులో ఒక్క వాక్యం ఉన్నది. ఆ వాక్యం వెనుక ఉన్న సంగతి ఆమెకు విడమరచి చెప్పడానికి మాకు అరగంట పట్టింది. ఇటువంటి ఆపరేషన్‌కు వెళ్లబోయే కుటుంబాలకు ఆ మాటలు ముందుగానే తెలిస్తే బాగుంటుందనిపించి ఇక్కడ రాస్తున్నాము.

కార్జం కోసినవారికి తెలుసు

ఇంట్లో వేట కార్జం ముక్కలు కోసిన ప్రతి అమ్మకూ లివరు ఎలా ఉంటుందో తెలుసు. మెత్తగా, తడిగా, కత్తి తగిలితే తెగిపోయేలా ఉంటుంది. దానికి దారంతో కుట్టు వేసి బిగిస్తే దారమే దానిని కోసుకుంటూ పోతుంది. మనిషి లివరు కూడా అంతే. పెద్దవారిలో దాదాపు కిలోన్నర బరువుంటుంది. పైగా కార్జం ముక్కలో ఉండనిది ఇందులో ఉంటుంది: పారే రక్తం. నిమిషానికి సుమారు లీటరున్నర రక్తం లివరు గుండా వెళుతుంది. గుండె పంపే మొత్తం రక్తంలో అది దాదాపు నాలుగో వంతు.

ఆ రక్తం రెండు దారుల్లో లోపలికి వస్తుంది. పేగుల నుండి పోర్టల్ సిర ద్వారా ముప్పావు వంతు, గుండె నుండి వచ్చే ధమని ద్వారా మిగిలినది. బయటకు వెళ్లడానికి ముఖ్యంగా మూడు పెద్ద సిరలున్నాయి. అవి లివరు వెనుక నుండి నేరుగా మహాసిరలో కలుస్తాయి, ఆ పైన గుండె ఉన్నది. లివరు ఆపరేషన్‌లో సర్జన్లు నేర్చుకునే విద్యలో ఎక్కువ భాగం ఈ దారులను ముందుగా గుర్తుపట్టి, ఒక్కొక్కటిగా మూసి, ఆ తరువాతే కోయడం.

పిత్తాశయంలో రాళ్లకు కీహోల్ ఆపరేషన్ 1985లో జర్మనీలో ఎరిక్ మ్యూహె చేశారు. మన దేశంలో 1990లో ముంబైలో డాక్టర్ టెహెమ్టన్ ఉద్వాడియా మొదలుపెట్టారు. కొన్నేళ్లలోనే అది చిన్న పట్టణాలకు కూడా వచ్చింది. మా పాఠకుల్లో చాలామంది అది చేయించుకున్నవారే, అందుకే "దానిలాగే ఇదీ కదా" అని అడుగుతారు. దానిలాగా కాదు. కెమెరాతో లివరు గడ్డ తీసిన మొదటి కేసులను 1991లో అమెరికాలో హ్యారీ రైక్ అనే గైనకాలజిస్టు, ఆయన తోటివారు ప్రచురించారు. అవి కూడా క్యాన్సర్ కాని గడ్డలు. ఆ తరువాత ఎన్నో ఏళ్లు సర్జన్లు వెనుకాడారు. పిత్తాశయాన్ని మూసే గొట్టం ఒకటి, రక్తనాళం ఒకటి. క్లిప్పులు వేసి కత్తిరిస్తే పని అయిపోతుంది. లివరులో అలా కాదు, లోపలంతా నాళాలే. పొట్ట తెరిచి ఉంటే రక్తం చిమ్మిన చోట సర్జన్ చెయ్యి పెట్టి అదిమి పట్టగలరు. పొట్ట మూసి ఉంటే ఆ చెయ్యి లేదు.

చెయ్యి లేని లోటును ఎలా తీర్చారు

ముందు కన్ను సంగతి. పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ వాయువు నింపి, గోడను గుడారంలా పైకి ఎత్తుతారు. అయిదారు రంధ్రాలు పెడతారు, ఒక్కొక్కటి అర సెంటీమీటరు నుండి సెంటీమీటరు పైచిలుకు. గడ్డను చేతితో తడిమి చూడటం కుదరదు కనుక, సన్నని అల్ట్రాసౌండ్ కడ్డీని లోపలికి పంపి లివరు మీదే ఆనించి చూస్తారు. గడ్డ ఎక్కడ, సిర ఎక్కడ, రెండింటి మధ్య ఎడమెంత అన్నది తెరమీద కనిపిస్తుంది. దానిని బట్టి లివరు పైపొర మీద కాల్చి గీత గీస్తారు, కట్టుబడికి ముందు మేస్త్రి సున్నంతో ముగ్గు పోసినట్టు. (ఈ పోలిక చెప్పినప్పుడు మన మేస్త్రిగారు మొదటిసారి నవ్వారు.) ఈ మధ్య పచ్చరంగు మందు ఒకటి రక్తంలోకి ఎక్కించి, ప్రత్యేక కెమెరాతో చూస్తున్నారు. రక్తం అందే భాగం మెరుస్తుంది, మూసిన భాగం చీకటిగా ఉంటుంది. హద్దు స్పష్టంగా తేలుతుంది.

తరువాత రక్తం. మన డెల్టా రైతులకు ఇది తేలికగా అర్థమవుతుంది. చేనులోకి నీరు రాకుండా చేయాలంటే తూము దించాలి. లివరులోకి వచ్చే ధమని, పోర్టల్ సిర, పిత్తనాళం మూడూ ఒకే కట్టగా లోపలికి వెళతాయి. ఆ కట్ట చుట్టూ ఒక పట్టీ వేసి బిగిస్తే తూము దించినట్టే. స్కాట్లాండులోని గ్లాస్గోలో జేమ్స్ హోగార్త్ ప్రింగిల్ అనే సర్జన్ 1908లో దెబ్బలు తగిలిన లివరుల విషయంలో ఈ ఉపాయం రాశారు. నూరేళ్లు దాటినా కీహోల్ ఆపరేషన్లలో కూడా అదే వాడుతున్నారు. అయితే ఎక్కువసేపు బిగిస్తే లివరే చచ్చిపోతుంది. అందుకని సాధారణంగా 15 నిమిషాలు బిగించి, 5 నిమిషాలు వదిలి, మళ్లీ బిగిస్తారు. థియేటరులో ఒక సిస్టరు గడియారం చూస్తూ నిమిషాలు పైకి చెబుతూ ఉంటారు.

తూము దించినా మురుగుకాలువ నిండి ఉంటే నీరు వెనక్కి తన్నుతుంది కదా. లివరు నుండి బయటకు వెళ్లే సిరల్లో రక్తం ఒత్తిడి ఎక్కువగా ఉంటే అదే జరుగుతుంది. ఇక్కడ పనిచేసేది మత్తు డాక్టరు. లివరు కోత పూర్తయ్యేవరకు ఆయన సెలైన్ చాలా పొదుపుగా ఎక్కించి, ఆ సిరల్లో ఒత్తిడి తక్కువగా ఉంచుతారు. మన ప్రాంతంలో సెలైన్ ఎంత ఎక్కిస్తే అంత మంచి వైద్యమని నమ్మకం. ఈ ఆపరేషన్‌లో ఎక్కువ ఎక్కించడమే ప్రమాదం. లోపల నింపిన వాయువు ఒత్తిడి కూడా సన్నని సిరలను నొక్కిపట్టి కారడం తగ్గిస్తుంది. కానీ పెద్ద సిరకు చిల్లు పడి ఉంటే ఆ వాయువే రక్తంలోకి దూరి గుండెకు చేరవచ్చు. కార్బన్ డయాక్సైడ్ రక్తంలో త్వరగా కరిగిపోతుంది కనుక మామూలు గాలి అంత ప్రమాదం కాదు. అయినా రోగి వదిలే ఊపిరిలో దాని కొలత ఒక్కసారిగా పడిపోతే మత్తు డాక్టరు వెంటనే సర్జనును హెచ్చరిస్తారు.

ఇక కోయడం. లివరు పైన ఒకటి రెండు సెంటీమీటర్ల మందంలో సన్నని నాళాలే ఉంటాయి. అక్కడ శబ్దతరంగాలతో కంపించే కత్తెర వాడతారు, అది కోస్తూనే నాళాలను అతికించేస్తుంది. లోతుకు వెళ్లాక పరికరం మారుతుంది. దాని మొన కంపిస్తూ మెత్తని లివరు కణాలను చితకగొట్టి, నీటితో కడిగి, పీల్చివేస్తుంది. గట్టిగా ఉండే నాళాలు మాత్రం తెగకుండా తీగల్లా బయటపడతాయి. వెనుకటికి సర్జన్లు ఇదే పని వేళ్లతో లివరును నలుపుతూ చేసేవారు. వియత్నాంలోని హనోయిలో తోన్ థాట్ తుంగ్ అనే సర్జన్ వందల లివరులను విప్పి నాళాల దారులు తెలుసుకుని, ఆ పద్ధతికి పేరు తెచ్చారు. బయటపడిన నాళాల్లో సన్నవాటిని కాల్చి మూస్తారు, మధ్యరకం వాటికి క్లిప్పులు, పెద్దవాటికి స్టేప్లర్. స్టేప్లర్‌లోని పిన్నుల గుళిక ఒకసారి వాడితే పారవేయవలసినదే, ఖరీదు కూడా ఎక్కువే. ఎన్ని పట్టవచ్చో ముందే అడిగి తెలుసుకోవడంలో మొహమాటం వద్దు.

తీసిన ముక్కను లోపలే ఒక సంచిలో వేసి, సిజేరియన్ కోత పెట్టే చోట, బొడ్డు క్రింద చిన్న అడ్డకోత ద్వారా బయటకు తీస్తారు. అక్కడ నొప్పి తక్కువ, మచ్చ బట్టల క్రింద ఉండిపోతుంది.

తెరవడం ఓటమి కాదు

లివరును ఫ్రాన్సుకు చెందిన క్లోడ్ క్వినో 8 భాగాలుగా గుర్తించారు. ఎడమ చివర, ముందు అంచు భాగాలు కెమెరాకు ఎదురుగా ఉంటాయి. 2008లో అమెరికాలోని లూయీవిల్‌లో నిపుణులు సమావేశమై, ఎడమ చివరి భాగం తీయడానికి కీహోల్ పద్ధతినే మామూలు పద్ధతిగా పాటించవచ్చన్నారు. వెనుకవైపు, పైన, డయాఫ్రం నీడలో ఉండే భాగాలు కష్టం. మన మేస్త్రిగారి గడ్డ అక్కడే, ఒక పెద్ద సిర కొమ్మను ఆనుకుని ఉన్నది.

సిర చినిగినప్పుడు ఏమి చేస్తారు? ముందు గాజుగుడ్డతో అదిమి ఆగుతారు. ఆ గుడ్డ మొదటినుండీ లోపల సిద్ధంగా ఉంచుకుంటారు. తొందరపడి క్లిప్పు వేయబోతే చిరుగు పెద్దదవుతుంది. కొన్ని నిమిషాల తరువాత సన్నని దారంతో కుట్టి చూస్తారు. అప్పటికీ అదుపులోకి రాకపోతే పొట్ట తెరుస్తారు. అలా ఎప్పుడు తెరవాలో తెలిసిన సర్జను దగ్గర మన మనిషి ఉన్నందుకు మేము సంతోషించాము. చిన్న మచ్చ కోసం పట్టుదలకు పోయి లీటర్ల రక్తం పోగొట్టుకున్నా, గడ్డ అంచు లోపల మిగిలిపోయినా నష్టం ఎవరిది? ఆ మాట చెప్పాక ఆ అమ్మ ముఖం కొంచెం తేటపడింది. అయితే ఒకటి ఒప్పుకోవాలి: తెరవవలసి రావచ్చని ఆపరేషన్‌కు ముందే ఇంటివారికి తెలుగులో, తాపీగా చెప్పవలసినది. సంతకం పెట్టిన కాగితంలో ఆ మాట ఉన్నది, కాని అది ఇంగ్లీషులో ఉన్నది. ఇక్కడి నుండి పంపేటప్పుడు మేమూ చెప్పలేదు.

కుదిరినవారికి కీహోల్ పద్ధతి మేలు నిజమైనదే. పెద్దపేగు క్యాన్సర్ లివరుకు పాకిన 280 మందిని 2012 నుండి 2016 వరకు నార్వేలోని ఓస్లోలో చీటీ వేసినట్టు రెండు జట్లుగా చేసి పరీక్షించారు. ఆపరేషన్ తరువాత ఇబ్బందులు పొట్ట తెరిచినవారిలో 31 శాతానికి, కీహోల్ వారిలో 19 శాతానికి వచ్చాయి. అయిదేళ్ల తరువాత బ్రతికి ఉన్నవారి లెక్క మాత్రం రెండు జట్లలోనూ దాదాపు ఒకటే, 55, 54 శాతం. అంటే కోత పెద్దదైనందువల్ల మన మేస్త్రిగారి ఆయుష్షు తగ్గలేదు. కోలుకోవడం ఆలస్యమవుతుంది, అంతే. సిర్రోసిస్ ఉన్నవారికి ఇంకో లాభం ఉన్నది: పొట్టగోడలోని సిరలు తెగవు కనుక తరువాత పొట్టలో నీరు చేరడం తక్కువ. 2002లో పారిస్ దగ్గర డేనియల్ షెర్కీ బృందం, బిడ్డలకు లివరు ముక్క దానమిచ్చేవారికి కూడా ఇదే పద్ధతిలో ఆపరేషన్ చేసినట్టు ప్రకటించింది. రోబో గురించి కూడా చాలామంది అడుగుతున్నారు. రోబో తనంతట తాను ఏమీ కోయదు. పక్కన కూర్చున్న సర్జన్ చేతి కదలికలనే అది లోపల చేస్తుంది.

రంధ్రాలు చిన్నవని ఆపరేషన్ చిన్నది అనుకోవద్దు. లోపల కోసే లివరు అంతే. మిగిలే భాగం చాలాలి: ఆరోగ్యమైన లివరైతే కనీసం నాలుగో వంతు, కీమోథెరపీ ఎక్కువ తీసుకున్నవారికి 30 శాతం, సిర్రోసిస్ ఉంటే 40 శాతం వరకు. మిగిలినది కొన్ని వారాల్లో, నెలల్లో పెరుగుతుంది. ఆ రోజుల్లో సారా, కల్లు, బ్రాందీ ఏదీ తాకరాదు. నాటుమందులు, పసరు మందులు కూడా వద్దు. మొదటి రెండు మూడు రోజులు భుజం నొప్పి వస్తే కంగారుపడకండి, అది లోపల నింపిన వాయువు వల్ల. జ్వరం, కళ్లు పచ్చబడటం, పొట్ట ఉబ్బడం, గొట్టంలో పసుపుపచ్చని పైత్యం రావడం, ఒక కాలి పిక్క వాచి నొప్పి పెట్టడం, మనిషి మగతగా ఉండటం, వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగక వెంటనే తీసుకురండి.

వెళ్లేముందు మేస్త్రిగారు ఒక్క ప్రశ్నే అడిగారు: సిమెంటు బస్తా ఎప్పుడు ఎత్తవచ్చు అని. రంధ్రాలతోనే అయి ఉంటే త్వరగానే చెప్పేవారము. ఇంత కుట్టు ఉన్నది కనుక మూడు నెలలు వద్దన్నాము, ఎత్తితే మచ్చ దగ్గర హెర్నియా వస్తుంది. ఈలోగా తూకం గుండు పట్టుకుని పని చూసుకోవచ్చు, బస్తాలు కొడుకు మోస్తాడని ఆమె అన్నారు. వచ్చే నెల సి.ఇ.ఏ. రక్తపరీక్షకు, స్కానింగుకు రమ్మని చీటీ రాసి ఇచ్చాము.