అద్దంలాంటి ఇల్లు, హౌజులో పురుగులు

భూపాలపల్లి బొగ్గు గనుల పక్క కాలనీల్లో దండెం మీద తెల్లబట్ట ఆరేసే ముందు గాలి ఎటు కొడుతోందో చూసుకోవాలి. పొద్దున ఊడ్చి తుడిచిన గచ్చు మీద మధ్యాహ్నం నడిస్తే అరికాళ్లు నల్లబడతాయి. జనగామ నుంచి చుట్టపుచూపుగా వచ్చిన వదినకు ఆ ఇల్లు గలీజుగా కనిపిస్తే వింతేమీ లేదు. ఆ వదిన ఇంట్లో వాకిలి అద్దంలా ఉంటుంది, మూతలేని సిమెంటు హౌజులో మాత్రం వారం కిందటి నీళ్లు ఉంటాయి. ఆ నీళ్లు తేటగా ఉంటాయి కాబట్టి ఎవరూ తప్పు పట్టరు. ఇక మహబూబాబాద్ వైపు పల్లెల్లో పత్తి ఏరే నెలల్లో ముందు గదిలోనే పత్తి కుప్ప పోస్తారు, మిర్చి రోజుల్లో వాకిలంతా కాయే. ఇల్లు సర్దుకోలేదేమని అక్కడ అడిగితే, అడిగినవాడినే వింతగా చూస్తారు.

2016 అక్టోబర్ 11న విడిపోయేదాకా ఈ మూడు ఊళ్లూ ఒకే వరంగల్ జిల్లా. అయినా ఇంటి శుభ్రతకు మాత్రం ఇక్కడ ఉమ్మడి కొలత ఏనాడూ లేదు. ఒక వీధిలోనే ఉండదు, ఒక్కోసారి ఒక ఇంట్లో అత్తాకోడళ్ల మధ్యే ఉండదు. కారణం చాదస్తమో, బద్ధకమో అనుకుంటాం. అసలు చిక్కు వేరే ఉంది. కంటికి నీటుగా ఉండటం, మనసుకు మైల లేదనిపించటం, ఒంటికి జబ్బు రాకుండా ఉండటం అనే మూడు వేర్వేరు సంగతులను మనం ‘శుభ్రం’ అన్న ఒక్క మాట కింద చుట్టేశాం. ఒకటి ఉన్నచోట తక్కిన రెండూ ఉంటాయన్న హామీ ఏదీ లేదు.

మైల సంగతి త్వరగా తేల్చుకుందాం. మురికి అనేది వస్తువులో ఉండదనీ, ఉండాల్సిన చోట ఉండకపోవటమే దాన్ని మురికి చేస్తుందనీ బ్రిటిష్ మానవశాస్త్రవేత్త మేరీ డగ్లస్ 1966లో వాదించారు. చెప్పు గుమ్మం బయట ఉంటే చెప్పే, మంచం మీద ఉంటే మురికి. తలవెంట్రుక జడలో అందం, అన్నంలో అసహ్యం. మన ఇళ్లలోని ఆచారాల్లో కొన్ని సూక్ష్మజీవుల లెక్కకు కూడా సరిపోతాయి. ఎంగిలి గ్లాసు పంచుకోకపోవటం అలాంటిదే. ముట్టు, పురుడు, కులం పేరుతో మనిషినే దూరంగా కూర్చోబెట్టటానికి మాత్రం ఏ ప్రయోగశాలలోనూ ఆధారం దొరకదు. హోటళ్లలో కులాన్ని బట్టి వేరే గ్లాసు పెట్టే రెండు గ్లాసుల పద్ధతి నడిపినవాళ్లు తాము చాలా శుభ్రమైనవాళ్లమనే అనుకున్నారు.

కంటికీ ఒంటికీ ఉన్న తగాదా ఇంతకన్నా ఆసక్తికరమైనది. భూపాలపల్లి దుమ్ముతోనే మొదలుపెడదాం. సింగరేణి ఓపెన్‌కాస్టు గనులు, చెల్పూరు దగ్గర 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ కేంద్రం, బొగ్గు లారీలు ఉన్న చోట గాలిలో రేణువులు ఎక్కువగానే ఉంటాయి. కదలని గాలిలో మనిషి ముఖమంత ఎత్తు నుంచి, అంటే సుమారు ఒకటిన్నర మీటర్ల నుంచి, 10 మైక్రాన్ల రేణువు నేలకు దిగటానికి ఎనిమిది నిమిషాలు చాలు. ఒక మైక్రాను రేణువుకు దాదాపు 12 గంటలు పడుతుంది. పొడి పొరకతో గట్టిగా ఊడ్చినప్పుడు పెద్ద చెత్త బయటికి పోతుంది, సన్న ధూళి లేచి ఇంట్లోనే తిరుగుతుంది. ఊడ్చిన కాసేపటికే టీవీ మీద మళ్లీ పడిన పొరను చూసి రోడ్డును తిట్టుకుంటాం. అందులో కొంత మనం లేపిందే. ఊపిరితిత్తుల లోతుకు చేరేదీ ఈ సన్నదే. కాబట్టి అక్కడ రోజుకు నాలుగుసార్లు ఊడ్చే ఇల్లాలి కన్నా ఒక్కసారి తడిగుడ్డ పెట్టే ఇల్లాలే ఇంటిల్లిపాది ఊపిరికి ఎక్కువ మేలు చేస్తుంది. చూసేవాళ్లు మెచ్చుకునేది మొదటి ఆమెనే అనుకోండి.

సాన్పి చల్లటంలోని మొదటి మేలు కూడా ఈ తడే. పెండలో పశువు అరిగించుకోలేని గడ్డి నార మిగిలి ఉంటుంది. నీళ్లలో కలిపి చల్లితే ఆ నార, జిగురు కలిసి మట్టిరేణువులను పట్టి ఉంచుతాయి. మట్టి వాకిలి పగలకుండా, దుమ్ము లేవకుండా ఉంటుంది. ఇంతవరకు గట్టి పనితనం. పెండ క్రిములను చంపుతుందనే మాట మాత్రం నిలవదు. పేగుల్లోని బాక్టీరియాతో పాటు ధనుర్వాతం తెచ్చే క్లాస్ట్రీడియం టెటాని బీజాలు కూడా పశువుల పెండలో ఉండొచ్చు. బొడ్డు కోసిన చోట అవి పడి ఒకప్పుడు ఎందరో పసికందులు పోయారు. తల్లీబిడ్డల ధనుర్వాతాన్ని మన దేశం అదుపు చేసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ధ్రువీకరించింది. ఆ ఘనత టీకాలది, శుభ్రమైన కాన్పులది. పండుగనాడు వాకిట్లో సాన్పి చల్లి ముగ్గు వేసుకోండి, అందులో తప్పేం లేదు. పాకే బిడ్డ ఉన్న గదిలో పెండతో అలకటం మాత్రం వద్దు.

ఇక్కడ మెక్సికో ముచ్చట ఒకటి చెప్పాలి. అక్కడి కొవాహుయిలా రాష్ట్రం 2000లో పేదల ఇళ్లలో మట్టినేలల మీద ఉచితంగా సిమెంటు పోయించే పథకం మొదలుపెట్టింది. తర్వాత ఆర్థికశాస్త్రవేత్తలు లెక్కకడితే, నేల మొత్తం సిమెంటుగా మారిన ఇళ్లలో పిల్లల కడుపులో పరాన్నజీవులు 78 శాతం, విరేచనాలు 49 శాతం తగ్గినట్టు తేలింది. తల్లులకు ఎవరూ శుభ్రత పాఠాలు చెప్పలేదు, వాళ్ల అలవాట్లూ పెద్దగా మారలేదు. మారింది నేల. తండాలోనో గూడెంలోనో మట్టి ఇంటిని పొద్దూమాపూ అలికి, ఎర్రమట్టి పూసి, అంచు దిద్దే ఆడమనిషి చేసే చాకిరీలో పావువంతు కూడా టైల్స్ ఇంట్లో అక్కర్లేదు. అయినా శుభ్రంగా ఉంటారన్న పేరు టైల్స్ ఇంటికే వస్తుంది.

నీళ్లదీ అదే కథ. గిల్బర్ట్ వైట్, డేవిడ్ బ్రాడ్లీ, ఆన్ వైట్ తూర్పు ఆఫ్రికా ఊళ్లలో తిరిగి 1972లో అచ్చువేసిన అధ్యయనం ఒక సంగతిని తేటపరిచింది. గజ్జి, కళ్లకలక, చాలా రకాల విరేచనాలు నీళ్లు చెడిపోవటం వల్లనే రావు, కడుక్కోవటానికి నీళ్లు చాలకపోవటం వల్ల కూడా వస్తాయి. 2003లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రచురించిన అంచనా ప్రకారం, కిలోమీటరు దాటి నడిచి నీళ్లు తెచ్చుకునే ఇంట్లో మనిషికి రోజుకు ఐదు లీటర్లకు మించటం కష్టం. ఇంట్లో నల్లా ఉంటే అది 50 లీటర్లకు చేరుతుంది. ఐదు లీటర్లలో తాగటం, వండుకోవటం పోగా చేతులకు మిగిలేది ఎంత? తెలంగాణలోని మిషన్ భగీరథ తాగునీటి పథకం పల్లెలకు మనిషికి 100 లీటర్లు లక్ష్యంగా పెట్టుకుంది. నల్లా రాకముందు ఒక ఇంటివాళ్లను ‘నీటు లేనివాళ్లు’ అని వేసిన ముద్ర నల్లా వచ్చాక కూడా వదలకపోవటం మన ఊళ్లలో కొత్త కాదు.

బోళ్ల దగ్గరికి వద్దాం. హైదరాబాద్–వరంగల్ రోడ్డు మీద జనగామ దగ్గరి పెంబర్తి ఇత్తడి పనికి పేరుపడ్డ ఊరు, భౌగోళిక గుర్తింపు పొందిన కళ అది. ఇత్తడి అంటే రాగి, జింకు. గాలి తగిలి రాగి మీద ఆక్సైడు పొర కట్టి నల్లబడుతుంది. పండ్లన్నిటిలో టార్టారిక్ ఆమ్లం బాగా ఎక్కువగా ఉండేవాటిలో మన చింతపండు ఒకటి. ఆ ఆమ్లం ఆక్సైడును నీళ్లలో కరిగే లవణంగా మార్చి కడిగేస్తుంది, చిటికెడు ఉప్పు వేస్తే పని ఇంకా త్వరగా అవుతుంది. మెరుపు వెనక రసాయనం ఇంతే. దానికి మించిన సంగతి బిందె లోపల జరుగుతుంది. చండీగఢ్‌లోని పంజాబ్ విశ్వవిద్యాలయానికి, ఇంగ్లండ్‌లోని నార్తంబ్రియా విశ్వవిద్యాలయానికి చెందిన శాస్త్రవేత్తలు 2005లో వెలువరించిన ప్రయోగంలో పేగు బాక్టీరియా కలిపిన నీళ్లను ఇత్తడి, మట్టి, ప్లాస్టిక్ పాత్రల్లో ఉంచి చూశారు. ఇత్తడిలో 48 గంటలకు బాక్టీరియా లెక్కకు అందనంతగా తగ్గాయి, ప్లాస్టిక్‌లో అలా జరగలేదు. నీళ్లలోకి దిగిన అతికొద్ది రాగి అయాన్లు బాక్టీరియా పొరలను, ఎంజైములను దెబ్బతీస్తాయి. కళాయి పూసిన పాత్రలో నీళ్లకు తగిలేది తగరం కాబట్టి ఈ గుణం ఉండదు. పులుసు కాచే గిన్నెకు కళాయి తప్పనిసరి. నీళ్ల బిందెకు దాని అవసరం లేదు. షోకేసులో పెట్టి తోమి మెరిపించే బిందె ఎవరి ఆరోగ్యాన్నీ కాపాడదని వేరే చెప్పక్కర్లేదు.

బూడిదది ఇంకో దారి. కట్టెల బూడిదలోని పొటాషియం కార్బొనేటు క్షారం. అది జిడ్డులో కొంత భాగాన్ని అక్కడికక్కడే సబ్బుగా మారుస్తుంది, సన్నటి రేణువులు రుద్దుడుకు పనికొస్తాయి. గ్యాసు పొయ్యి వచ్చింది, బూడిద పోయింది, ఆ ఖాళీలోకి స్పాంజి వచ్చింది. జర్మనీలోని ఫుర్ట్‌వాంగెన్ విశ్వవిద్యాలయం వాళ్లు 2017లో ఇళ్లలో వాడిన స్పాంజీలను పరీక్షిస్తే, కొన్నిచోట్ల ఒక్క ఘన సెంటీమీటరులో ఐదు వేల కోట్లకు పైగా బాక్టీరియా కనిపించాయి. అవన్నీ జబ్బు చేసేవి కావు. అయినా ఎప్పుడూ తడిగా, తిండి పట్టి ఉండే ముక్కతో గిన్నెను ‘శుభ్రం’ చేస్తున్నామన్నది గుర్తుంచుకోవాలి. తోమిన బోళ్లను ఎండలో బోర్లించే పాత అలవాటు ఈ విషయంలో తెలివైనది. ఎండకు, ఆరుదలకు చాలా బాక్టీరియా తట్టుకోలేవు. బొంతల్ని ఎండేయటం కూడా అంతే, దుమ్ముపురుగులకు తేమ లేకపోతే బతుకు లేదు.

ఇప్పుడు మొదట చెప్పిన హౌజు. డెంగీ తెచ్చే ఈడిస్ దోమ మురుగుకాలువను పెద్దగా ఇష్టపడదు. దానికి కావాల్సింది నీడపట్టున నిలిచిన తేటనీళ్లు. హౌజు, డ్రమ్ము, కూలరు, ఫ్రిజ్ వెనక ట్రే, మనీప్లాంటు సీసా ఇలా నీటుగా సర్దుకున్న ఇంట్లోనే దానికి కావాల్సినవన్నీ దొరుకుతాయి. అది గుడ్లను నీళ్లలో కాదు, నీటి అంచుకు కాస్త పైన గోడకు అంటిస్తుంది. హౌజు ఎండినా ఆ గుడ్లు నెలల తరబడి బతికే ఉంటాయి, నీళ్లు తగలగానే పొదుగుతాయి. గుడ్డు పొదిగి దోమగా ఎగరటానికి ఏడు నుంచి పది రోజులు పడుతుంది. వారానికోసారి నీళ్ల పాత్రలను ఖాళీ చేసి ఆరబెట్టే ‘డ్రై డే’ను శుక్రవారం పాటించమనటంలోని లెక్క ఇదే. నీళ్లు పారబోస్తే సగం పనే అయినట్టు, గోడలను పీచుతో రుద్దితేనే గుడ్లు పోతాయి.

మనుషుల అలవాట్లు దేనికి మారతాయో తెలుసుకోవటానికి దూరం పోనక్కర్లేదు, చిత్తూరు జిల్లాలో 14 ఊళ్లలో ‘సూపర్ అమ్మ’ పేరుతో ప్రయోగం జరిగింది. ఫలితాలు 2014లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చాయి. క్రిములు, జబ్బులు అంటూ ఊదరగొట్టకుండా వాళ్లు కథ నడిపారు. ఒకవైపు బిడ్డను పద్ధతిగా పెంచే అమ్మ, ఇంకోవైపు కడగని చేతులతో లడ్డూలు చుట్టే లడ్డూ లింగం. చూసినవాళ్లు నవ్వారు, ఛీ అనుకున్నారు. మొదట్లో ముఖ్యమైన వేళల్లో సబ్బుతో చేతులు కడిగినవి నూటికి ఒకటి రెండు సందర్భాలే. ఆరు నెలల తర్వాత ప్రచారం జరిగిన ఊళ్లలో అది 37 శాతం, జరగని ఊళ్లలో 6 శాతం. ప్రచారానికి ముందు కూడా ఆ ఊళ్లలో రోజూ వాకిళ్లు ఊడ్చారు, ముగ్గులు వేశారు. సబ్బు చెయ్యి మాత్రం ఎవరి కొలతలోనూ లేకపోయింది.

‘మట్టిలో ఆడితేనే పిల్లలు గట్టిపడతారు’ అనేవాళ్లకు డేవిడ్ స్ట్రాచన్ 1989లో చెప్పిన సిద్ధాంతం గుర్తుండొచ్చు. ఎక్కువమంది అన్నలు, అక్కలు ఉన్న పిల్లల్లో గడ్డిజ్వరం లాంటి ఎలర్జీ తక్కువని ఆయన గమనించారు. పశువులు, మట్టి, చెట్ల దగ్గర ఉండే సూక్ష్మజీవులు మేలే చేస్తాయని తర్వాత వచ్చిన పరిశోధనలూ అంటున్నాయి. దాన్ని పట్టుకుని మలం అంటిన చెయ్యి కడగక్కర్లేదనటం మాత్రం మూర్ఖత్వం.

ఈ కొలతల భారం ఎవరి మీద పడుతోందో కూడా చూడాలి. 2019 జాతీయ సర్వేలో, జీతం లేని ఇంటిపని చేసిన ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు దానికే ఇచ్చారు, ఆ పని చేసిన మగవాళ్లు 97 నిమిషాలు. మగవాళ్ల కంటికి చెత్త ఆనదు అంటారు గానీ, అమెరికాలో 2019లో వెలువడిన ఒక అధ్యయనం అది సాకేనని తేల్చింది. ఒకే గది ఫొటో చూపిస్తే ఆడా మగా ఒకేలా మార్కులు వేశారు. సర్దిన గది ఆడమనిషిదని చెప్పినప్పుడు మాత్రం, మగవాడిదని చెప్పినప్పటి కన్నా తక్కువ శుభ్రంగా ఉందన్నారు. గది అదే, పేరు మారింది.

దసరాకో సంక్రాంతికో ఇల్లు దులిపే రోజుల్లో ఒక్క పని మాత్రం చేయకండి. బాత్రూం కడిగే యాసిడ్‌ను, బ్లీచింగ్ పౌడర్‌ను కలపకండి, ఒకదాని వెంట ఇంకొకటి చల్లకండి కూడా. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, తలుపులు మూసిన చిన్న గదిలో అది ప్రాణం మీదికి తెస్తుంది. ఘాటు వాసన తగిలి కళ్లు మండితే, పని మధ్యలో ఉన్నా వదిలేసి వెంటనే బయటి గాలిలోకి వచ్చేయండి. దగ్గు, ఆయాసం తగ్గకపోతే ఆసుపత్రికి వెళ్లండి.