క్యాన్సర్‌లో 'పనికిరాని' ఆర్‌ఎన్‌ఏ చేసే పని

క్యాన్సర్ రోగులకు చేయూతనిస్తున్న దాతలు జన్యు పరీక్షల మాట వింటూనే ఉంటారు. ఆ పరిశోధనలో తరచుగా వినిపించే ఒక పేరు గురించి నాలుగు మాటలు.

మన కణాల్లోని డీఎన్‌ఏ సమాచారం ఆర్‌ఎన్‌ఏగా నకలవుతుంది. ఆ నకలును బట్టి ప్రోటీన్లు తయారవుతాయి. అయితే డీఎన్‌ఏలో ప్రోటీన్లకు సంబంధించిన భాగం సుమారు 2 శాతమే. మిగిలినదంతా పనికిరానిదని చాలామంది భావించారు. కానీ అక్కడినుంచీ వేలాది ఆర్‌ఎన్‌ఏలు పుడుతున్నాయి. వాటిలో 200 అక్షరాలకు మించి పొడవుండి, ప్రోటీన్ తయారుచేయని వాటిని 'లాంగ్ నాన్‌కోడింగ్ ఆర్‌ఎన్‌ఏ' అంటారు.

వాకాడు వారికి స్వర్ణముఖి బ్యారేజీ తెలుసు. కాలువ లస్కరు దుక్కి దున్నడు, నాట్లు వేయడు. అయినా ఏ తూము ఎత్తాలో, ఏది దించాలో చూసేది అతనే. ఈ ఆర్‌ఎన్‌ఏలు ఎన్నో జన్యువుల విషయంలో అలాంటి పనే చేస్తాయి. ఆ కాపలా గాడి తప్పితే కణాలు అదుపులేకుండా పెరగవచ్చు.

2010లో అమెరికాలో హోవర్డ్ చాంగ్ బృందం ఒక సంగతి గమనించింది. రొమ్ము క్యాన్సర్ గడ్డలో 'హాట్‌ఎయిర్' అనే ఆర్‌ఎన్‌ఏ ఎక్కువగా ఉంటే, వ్యాధి ఇతర అవయవాలకు పాకే ముప్పు ఎక్కువ. కొన్ని ఇందుకు భిన్నంగా రక్షణనిస్తాయి. పసిపిల్లలకు వచ్చే న్యూరోబ్లాస్టోమాలో 'ఎన్‌బ్యాట్-1' తగ్గితే వ్యాధి తీవ్రమవుతుందని 2014లో స్వీడన్‌లోని చంద్రశేఖర్ కందూరి బృందం వెల్లడించింది.

దీనివల్ల రోగికి ఒరిగేదేమిటి? 'పీసీఏ-3' ఆధారంగా ప్రోస్టేట్ క్యాన్సర్‌కు మూత్ర పరీక్ష వచ్చింది. మొదటి బయాప్సీలో ఏమీ కనిపించనివారికి మళ్లీ బయాప్సీ అవసరమా అన్నది తేల్చుకోవడానికి అది తోడ్పడుతుంది. అమెరికా 2012లో దానికి అనుమతినిచ్చింది. ఈ ఆర్‌ఎన్‌ఏలను అడ్డుకునే మందులు మాత్రం ఇంకా పరిశోధన దశలోనే ఉన్నాయి. కాబట్టి 'ఆర్‌ఎన్‌ఏ వైద్యం' పేరుతో ఎవరైనా పెద్ద మొత్తం అడిగితే, క్యాన్సర్ నిపుణుణ్ణి సంప్రదించకుండా డబ్బు కట్టనివ్వకండి.

ఈనాటికి ప్రాణాలు నిలిపేది వ్యాధిని తొందరగా గుర్తించడమే. రొమ్ములో గడ్డ, మానని నోటిపుండు, ముట్లుడిగాక రక్తస్రావం కనిపిస్తే ఆలస్యం చేయకూడదు. వాకాడు నుంచి నెల్లూరుకో, తిరుపతికో, చెన్నైకో వెళ్లే పేద రోగికి బస్సు ఛార్జీ, తోడు వచ్చినవారి భోజనం కూడా భారమే. ఆ ఖర్చు భరించలేక చికిత్స మధ్యలో మానేసే పరిస్థితి రాకూడదు. అక్కడ మీరిచ్చే వెయ్యి రూపాయలు కూడా వైద్యంలో భాగమే.