మనుష్యులకంటె ఇండ్లెక్కువైన సీమ

జనగణన పట్టికలు చదువరులకు సాధారణముగా విసుగు గొలుపునవి. అయినను వానిలోని రెండంకెలే యొక్కొక్కప్పుడు ఒక సీమయొక్క చరిత్రమంతయు చెప్పగలవు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో, టెక్సాసు పశ్చిమభాగమున, పేకోస్ నదీతీరమున లవింగు కౌంటీ యున్నది. కౌంటీ యన మన జిల్లా వంటి పరిపాలనా విభాగము. 2000 సంవత్సరపు జనగణనమం దచ్చట లెక్కకు వచ్చిన ఇండ్లు 70. మనుష్యులు 67 మంది. ఆ ఇండ్లలో కాపురమున్న సంసారములు 31 మాత్రమే. తక్కిన 39 ఇండ్లును నివాసము లేనివే.

నేలకు కొదువ యున్నదా యనిన, లేదు. విస్తీర్ణము సుమారు 677 చదరపు మైళ్లు. అనగా పది చదరపు మైళ్లకొక్క మనిషి. వాన మిక్కిలి తక్కువ, భూగర్భజలము ఉప్పన, సేద్యమునకు వీలు స్వల్పము. పశువుల మేపునకు విశాలమైన బీళ్లు కావలెను గాని, వానిని కాచుటకు పెక్కుమంది యక్కరలేదు.

1893లో ఏర్పడిన యీ కౌంటీ 1897లో రద్దయ్యెను. 1921లో చమురు బయల్పడగా జనులు చేరిరి. 1931లో కౌంటీ మరల నెలకొల్పబడెను. టెక్సాసులో రెండుమారులు ఏర్పడిన కౌంటీ యిదియొక్కటే. 1940లో జనసంఖ్య 285కు పెరిగెను. పిదప క్రమముగా తరిగి, 1970లో 164, 2010లో 82, 2020లో 64 అయ్యెను. ఆ దేశపు కౌంటీలన్నింటిలోను ఇదియే కడపటిది.

అయినను నేటికిని టెక్సాసున విస్తారముగా చమురు నిచ్చు కౌంటీలలో ఇది యొకటి. మరి యా సంపద జనమును ఏల నిలుపలేదు? బావి త్రవ్వునప్పుడు కూలీలు కావలెను. త్రవ్విన పిమ్మట కొలదిమంది చాలును. ఆ కూలీలును తాత్కాలికపు బసలలో నుండి, పని ముగియగానే తమ యూళ్లకు మరలుదురు. జనగణనము మనిషిని అతని స్థిరనివాసమునందే లెక్కించును గావున, వారు పట్టికల కెక్కరు. కౌంటీ పిల్లలు చదువునకై పొరుగు కౌంటీలోని వింక్ అను నూరికి పోవుచున్నారు.

ఇందు మరియొక చిక్కు గలదు. ఇంత స్వల్పజనము గల చోట పదిమంది వచ్చి కాపురముండినచో ఎన్నిక ఫలితమే తారుమారు కాగలదు. ఎవరు స్థానికుడు, ఎవరు కేవలము పేరు వ్రాయించుకొన్నవాడు అను ప్రశ్న అచ్చట పాలనాధికారమునే నిర్ణయించును. చమురుపన్నుల రాబడి వ్యయపరచువారి నెన్నుకొనునది ఆ గుప్పెడు వోట్లే కదా!

ఒక సీమ కలిమిని దాని నేలనుండి వెలువడు ధనముచే కొలుచుట పొరపాటు. తాగునీరు, పాఠశాల, ఏడాది పొడవునను సాగు వృత్తి: ఈ మూడును గలచోటనే సంసారములు నిలుచును. అవి కొఱవడినచో ధనము పారుచునే యుండును. ఇండ్లు మాత్రము తాళములతో నిలిచిపోవును.