ఆపరేషన్‌కు ముందు పేరు మళ్లీ మళ్లీ ఎందుకు అడుగుతారు?

"నిన్న చెప్పాను, పొద్దున చెప్పాను, మళ్లీ పేరు అడుగుతారేమిటి సిస్టర్?" అని ఆపరేషన్‌కు వచ్చినవారు మమ్మల్ని అడుగుతుంటారు. విసుగు రావడం సహజమే. కాని దీని వెనుక పెద్ద పాఠమే ఉంది. ఆ పాఠం మొదట విమానాల నుంచి వచ్చింది.

1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన టెనెరిఫ్ దీవిలో విమానాశ్రయాన్ని పొగమంచు కమ్మింది. రన్‌వే మీద ఒక విమానం ఉండగానే, ఎంతో అనుభవమున్న కెప్టెన్ ఒకరు తన విమానాన్ని ఎగరడానికి పరుగెత్తించారు. పక్కనున్న ఫ్లైట్ ఇంజనీరుకు అనుమానం వచ్చి, అవతలి విమానం తప్పుకుందా లేదా అని అడిగారు. తప్పుకుందని కెప్టెన్ గట్టిగా చెప్పారు. ఇంజనీరు ఊరుకున్నారు. రెండు విమానాలు ఢీకొని 583 మంది చనిపోయారు. రేడియోలో మాటలు సరిగా వినబడకపోవడం వంటి కారణాలూ ఉన్నాయి. అయినా ఆ అనుమానాన్ని పట్టించుకుని ఆగి ఉంటే బాగుండేది.

ఆ తర్వాత విమాన సిబ్బందికి కొత్త శిక్షణ మొదలైంది. అనుమానం వస్తే చిన్నవారైనా చెప్పాలి, పెద్దవారు వినాలి. చివరి నిర్ణయం మాత్రం కెప్టెన్‌దే. 1989 జూలైలో అమెరికాలో గాలిలో ఉన్న ఒక విమానం అదుపు తప్పింది. కెప్టెన్, సిబ్బంది, ప్రయాణికుడిగా వచ్చిన ఒక శిక్షక పైలట్ కలిసి ఆలోచించి దాన్ని నేలకు దించారు. 296 మందిలో 184 మంది బతికారు.

ఆపరేషన్ థియేటర్లోనూ అంతే. రక్తపోటు పడిపోతే మత్తు డాక్టరు ముందు చూస్తారు. గుడ్డల లెక్క తగ్గితే నర్సుకు తెలుస్తుంది. సర్జన్ చూపు గాయం మీద ఉంటుంది. ప్రమాదం ముంచుకొచ్చాక కూర్చుని చర్చించే వ్యవధి ఉండదు. అందుకే ఎవరు ఏమి చూడాలో, ఎవరు ఏమి చెప్పాలో ముందే అనుకోవాలి.

ఇందుకోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో 19 అంశాల పట్టిక ఇచ్చింది. మత్తు ఇచ్చేముందు, కోత పెట్టేముందు, రోగిని బయటకు తెచ్చేముందు అందరూ ఆగి సరిచూసుకోవాలి. న్యూఢిల్లీతో సహా 8 నగరాల ఆసుపత్రులలో దీన్ని వాడి చూశారు. 2009లో వెలువడిన ఫలితాల ప్రకారం, ఆపరేషన్ తర్వాతి మరణాలు నూటికి 1.5 నుంచి 0.8కి తగ్గాయి.

ఈ బృందంలో మీరూ ఒకరు. మీకు పడని మందులు, రోజూ వాడే మాత్రలు చెప్పండి. ఆపరేషన్ ఏ వైపో మీ నోటితో చెప్పండి. "డాక్టరుగారికి తెలియదా" అని మొహమాటపడకండి. అనుమానం వస్తే అడగండి. మేము ఆగి వింటాము.